కీమో మొదలుపెట్టే ముందే వీర్యం దాచమని చెప్పండి

సంపాదకులకు నమస్కారం.

ప్రోస్టేట్, మూత్రాశయ, వృషణ క్యాన్సర్లపై కొత్త పరిశోధనల వార్తలు ఈ మధ్య తెలుగు పత్రికల్లో బాగానే వస్తున్నాయి. బయాప్సీకి ముందే ఎంఆర్‌ఐ తీయడం, ప్రోస్టేట్ క్యాన్సర్ ఎక్కడికి పాకిందో చూపే పీఎస్‌ఎంఏ పెట్ స్కాన్, ఆ జబ్బుకే ఇచ్చే రేడియోధార్మిక లుటీషియం ఇంజెక్షన్, రోబో ఆపరేషన్... ఇవన్నీ జనానికి తెలియాల్సినవే. అయితే వీటిలో ఎక్కువ భాగం అరవై దాటినవారికి పనికొచ్చేవి. ఇంకా పెళ్లికాని, పిల్లలు పుట్టని కుర్రవాడికి క్యాన్సర్ వస్తే ప్రాణంతో పాటు కాపాడవలసింది మరొకటి ఉంది. దాని గురించి రాసేవారు తక్కువ, ఆసుపత్రిలో చెప్పేవారు ఇంకా తక్కువ. కీమోథెరపీ గానీ రేడియేషన్ గానీ మొదలుపెట్టకముందే వీర్యం తీసి, గడ్డకట్టించి, ఏళ్ల తరబడి దాచుకోవచ్చు. దానికి పట్టేది ఒకటి రెండు రోజులు. ఆ అదను తప్పితే మళ్లీ దొరకదు. యూరాలజీలోనూ, వీర్యపరీక్షల ల్యాబుల్లోనూ పనిచేసేవాళ్లం కలిసి ఈ ఉత్తరం రాస్తున్నది అందుకే.

వృషణ క్యాన్సర్‌నే ఉదాహరణగా తీసుకుంటాం. నార్వే, డెన్మార్క్‌లతో పోలిస్తే మన దేశంలో ఇది చాలా అరుదు. వచ్చేది మాత్రం ఎక్కువగా 15–40 ఏళ్ల మధ్య, అంటే చదువు, ఉద్యోగం, పెళ్లి, పిల్లలు అన్నీ ముందున్న వయసులో. యాభై ఏళ్ల కిందట ఈ జబ్బు ఒంట్లో పాకిందంటే చాలామంది బతికేవారు కాదు. 1974లో అమెరికాలోని ఇండియానా యూనివర్సిటీలో డాక్టర్ లారెన్స్ ఐన్‌హార్న్ సిస్‌ప్లాటిన్ అనే మందును మరో రెండు మందులతో కలిపి ఇవ్వడంతో కథ మారిపోయింది. క్రికెటర్ యువరాజ్ సింగ్ 2012లో కీమో చేయించుకున్నది కూడా ఆ యూనివర్సిటీ వైద్య కళాశాల ఉన్న ఇండియానాపొలిస్‌లోనే. ఆయన కణితి ఛాతీలోదే అయినా అది వృషణ క్యాన్సర్ జాతికే చెందిన జెర్మ్ సెల్ కణితి, అంటే వీర్యకణాలకు మూలమైన కణాల నుంచి పుట్టేది. అదే ఏడాది తిరిగొచ్చి మళ్లీ దేశం తరఫున ఆడాడు. ఇవాళ అన్ని దశలూ కలిపి చూసినా వృషణ క్యాన్సర్ రోగుల్లో నూటికి 95 మంది దాకా నయమైపోతున్నారు. ఇరవై రెండేళ్లకు జబ్బు నయమైనవాడు ఇంకో యాభై ఏళ్లు బతుకుతాడు. ఆ యాభై ఏళ్ల గురించి ఆలోచించవలసింది చికిత్స మొదటి వారంలోనే.

ముందుగా జబ్బు ఎక్కడ ఆలస్యమవుతోందో చెప్పాలి. నొప్పి లేని గడ్డ, ఒక పక్క బరువుగా లాగుతున్నట్టు ఉండటం దీని తొలి గుర్తులు. నొప్పి లేదు కాబట్టి కుర్రాడు ఎవరికీ చెప్పడు. చెప్పినా ఇంట్లో పెద్దలు 'బుడ్డ' అనో 'వరిబీజం' అనో తేల్చేస్తారు. బోదకాలు ఎక్కువగా ఉన్న కోస్తా జిల్లాల్లో బీజం వాయడం కొత్త సంగతి కాదు గనుక ఆ అనుమానమే ముందు వస్తుంది. బుడ్డలో ఉండేది నీరు. చీకటి గదిలో వెనక నుంచి టార్చి వేస్తే ఆ నీరు ఎర్రగా వెలుగుతుంది, గట్టి కణితి వెలగదు. కానీ ఈ ఒక్క పరీక్షతో సరిపెట్టుకోకూడదు. కణితి ఉన్నచోట కూడా చుట్టూ కొంత నీరు చేరవచ్చు. అప్పుడు పైన వెలుగు కనిపించి లోపలి గడ్డ దాగిపోతుంది. మరికొందరికి ఇన్ఫెక్షన్ అని యాంటీబయాటిక్స్ రాస్తారు. రెండు వారాల మందులకు తగ్గని వాపును మూడో వారం కూడా అదే మందుతో లాగకూడదు. వృషణాల అల్ట్రాసౌండ్ స్కానింగ్ పావుగంట పని, జిల్లా కేంద్రంలోనే అయిపోతుంది.

కణితి అని అనుమానం రాగానే రక్తంలో మూడు పరీక్షలు చేయాలి: ఏఎఫ్‌పీ, బీటా హెచ్‌సీజీ, ఎల్‌డీహెచ్. ఈ కణితి ఉంటే రక్తంలో పెరిగే పదార్థాలు ఇవి. ఇవి ఆపరేషన్‌కు ముందే తీయాలి, తర్వాత మళ్లీ తీసి పోల్చాలి. ఏఎఫ్‌పీ సగానికి తగ్గడానికి 5 నుంచి 7 రోజులు పడుతుంది. హెచ్‌సీజీ ఒకటి రెండు రోజుల్లోనే సగమవుతుంది. ఆ లెక్కన తగ్గకపోతే ఒంట్లో ఎక్కడో జబ్బు మిగిలి ఉందన్నమాట. ముందు తీసిన అంకె లేకపోతే ఈ లెక్క కట్టడం కుదరదు.

ఇక్కడ జరిగే పెద్ద పొరపాటు ఒకటుంది. మిగతా కణితుల్లా దీనికి సూది గుచ్చి ముక్క తీయకూడదు. వృషణ సంచి మీద కోతా పెట్టకూడదు. వృషణం నుంచి వచ్చే లింఫు (కణజాలం నుంచి ఊరే పలచటి ద్రవం) నేరుగా పొట్ట వెనకభాగంలో, కిడ్నీల దగ్గర ఉన్న గ్రంథులకు పోతుంది. సంచి చర్మపు లింఫు గజ్జ గ్రంథులకు పోతుంది. సంచి మీద కోస్తే రెండు దారులూ కలిసి జబ్బు కొత్తచోటికి పాకే వీలు కలుగుతుంది. అందుకే గజ్జలో కోసి, వృషణాన్ని దాని తాడుతో సహా పైనుంచి తీస్తారు. బుడ్డ ఆపరేషన్ అనుకుని సంచి కోసి లోపల గడ్డ చూసినవారు అక్కడే ఆగి, తెలిసినచోటికి పంపడం మేలు.

ఇప్పుడు వీర్యం సంగతి. ఈ కణితి ఉన్నవారిలో దాదాపు సగం మందికి చికిత్సకు ముందే వీర్యకణాల సంఖ్య తక్కువగా ఉంటుంది. కొందరికి అసలు ఉండవు. ఆపరేషన్‌లో ఒక వృషణం పోతుంది. ఆ తర్వాత కీమో అవసరమైతే సాధారణంగా ఇచ్చేదాన్ని బీఈపీ అంటారు. బ్లియోమైసిన్, ఇటోపొసైడ్, సిస్‌ప్లాటిన్ కలిసిన మందు అది. 21 రోజులకు ఒక విడత చొప్పున మూడు విడతలు, జబ్బు ముదిరితే నాలుగు. వేగంగా విభజన చెందే కణాలను చంపడమే ఈ మందుల పని. వృషణంలో వీర్యకణాలుగా మారే కణాలూ ఆ కోవలోవే. ఒక వీర్యకణం తయారవడానికి సుమారు 74 రోజులు పడుతుంది కాబట్టి, కీమో మొదలైన రెండు మూడు నెలల్లో వీర్యంలో కణాలు కనబడకుండా పోతాయి. రెండేళ్లకు దాదాపు సగం మందిలో తిరిగి వస్తాయి, అయిదేళ్లకు సుమారు 80 శాతం మందిలో వస్తాయి. మిగిలినవారిలో రాకపోవచ్చు. సిస్‌ప్లాటిన్ మొత్తం మోతాదు ఎంత పెరిగితే రాకపోయే అవకాశం అంత ఎక్కువ. నార్వేలో 2005లో వెలువడిన పెద్ద అధ్యయనంలో, పిల్లల కోసం ప్రయత్నించినవారిలో, చికిత్స తర్వాత పదిహేనేళ్లలో సహజంగా తండ్రి అయినవారు ఆపరేషన్ తర్వాత పరిశీలనలోనే ఉన్నవారిలో 92 శాతం. ఎక్కువ మోతాదు కీమో పడినవారిలో 48 శాతం. ఎవరు ఏ గుంపులో పడతారో ముందు చెప్పగల పరీక్ష లేదు. అందుకే అందరికీ దాచమని చెప్పాలి.

దాచే పద్ధతి కొత్తదేమీ కాదు. గ్లిసరిన్ కలిపితే వీర్యకణాలు గడ్డకట్టినా బతుకుతాయని 1949లో ఇంగ్లండులో కనుక్కున్నారు. గడ్డకట్టించి దాచిన మానవ వీర్యంతో గర్భాలు నిలిచిన సంగతి 1953లో అమెరికాలో ప్రకటించారు. 1979లో 17 ఏళ్ల కుర్రాడు వృషణ క్యాన్సర్ చికిత్సకు ముందు ఇంగ్లండులో దాచిన వీర్యంతో 21 ఏళ్ల తర్వాత బిడ్డ పుట్టాడు. ఆ వివరాలు 2004లో వైద్యపత్రికలో వచ్చాయి. 1992లో బ్రస్సెల్స్ నుంచి వచ్చిన ఇక్సీ పద్ధతి దీన్ని ఇంకా తేలిక చేసింది. ఒక్కో అండంలోకి ఒక్క వీర్యకణాన్నే సూదితో ఎక్కిస్తారు. కాబట్టి 'కౌంట్ తక్కువగా ఉంది, దాచి ఏం లాభం' అనే మాటకు ఇప్పుడు అర్థం లేదు. కదిలే కణాలు కొన్ని ఉన్నా చాలు, దాచాలి.

ఎలా ఇవ్వాలో రోగికి విడమరిచి చెప్పకపోవడం వల్లే చాలా నమూనాలు పాడవుతాయి. రెండు నుంచి అయిదు రోజులు వీర్యం పోకుండా ఉండి ఇస్తే మంచిది. కానీ కీమోకు తొందరగా ఉంటే ఒక్క రోజు ఎడంతోనూ తీసుకోవచ్చు. వీలైతే 24 నుంచి 48 గంటల తేడాతో రెండు మూడు సార్లు ఇవ్వాలి. ల్యాబు ఇచ్చే వెడల్పు మూతి స్టెరైల్ డబ్బానే వాడాలి. నూనె, సబ్బు, ఉమ్మి, జెల్లీ ఏదీ తగలకూడదు. మామూలు కండోమ్‌లో పట్టకూడదు, వాటిమీద ఉండే పూత కణాలను చంపేస్తుంది. మొదటి చుక్కల్లోనే కణాలు ఎక్కువ. అవి డబ్బాలో పడకపోతే ఆ సంగతి ల్యాబులో చెప్పాలి. ఆసుపత్రి గదిలో ఇవ్వలేనివారు ఇంట్లో పట్టి, చొక్కా లోపల ఒంటికి ఆనించి, గంటలోపు తెచ్చి ఇవ్వవచ్చు. ఐస్‌బాక్సులో పెట్టి తెస్తే పనికిరాదు. హెచ్‌ఐవీ, హెపటైటిస్ బి, సి, సిఫిలిస్ రక్తపరీక్షలు అదే రోజు చేయాలి. ఒకరి ఇన్ఫెక్షన్ ట్యాంకులో మరొకరి నమూనాకు అంటకూడదని ఈ జాగ్రత్త. పరీక్ష ఫలితాలు వచ్చేదాకా నమూనాను వేరే ట్యాంకులో ఉంచవచ్చు. రిపోర్టు రాలేదని రోగిని వెనక్కి పంపకూడదు.

ల్యాబులో జరిగేది ఇది. వీర్యం పలచబడడానికి అరగంట ఆగుతారు. తర్వాత పరిమాణం, సంఖ్య, కదలిక చూస్తారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ వీర్యపరీక్షల మార్గదర్శక పుస్తకం 2021 నాటి ఆరో కూర్పు ప్రకారం పరిమాణం 1.4 మిల్లీలీటర్లు, మిల్లీలీటరుకు 1.6 కోట్ల కణాలు, మొత్తం కదలిక 42 శాతం అన్నవి కింది గీతలు. దాచడానికి వచ్చిన రోగికి ఈ గీతలు అడ్డు కావు, అవి ఎంత దాచాలో నిర్ణయించుకోవడానికే. గ్లిసరిన్, గుడ్డు పచ్చసొన కలిసిన ద్రావణాన్ని చుక్కచుక్కగా కలుపుతారు. ఒక్కసారిగా పోస్తే నీరు లాగేసినట్టై కణాలు ముడుచుకుపోతాయి. ఆ మిశ్రమాన్ని సన్నటి స్ట్రాలలో గానీ చిన్న సీసాలలో గానీ నింపి, ద్రవ నత్రజని ఆవిరిలో కాసేపు ఉంచి, అప్పుడు మైనస్ 196 డిగ్రీల ద్రవంలో ముంచుతారు. ఒక స్ట్రాను కరిగించి ఎన్ని కణాలు కదులుతున్నాయో రాసిపెడతారు. సగం దాకా కదలిక పోవడం మామూలే. ఆ అంకె రోగి చేతికి ఇచ్చే కాగితంలో తప్పకుండా ఉండాలి. పదేళ్ల తర్వాత డాక్టరుకు పనికొచ్చేది అదే. ఒకే నమూనాను అయిదారు స్ట్రాలుగా విడదీయాలి, అన్నిటినీ ఒకేసారి కరిగించే పరిస్థితి రాకూడదు. సగం ఒక ట్యాంకులో, సగం ఇంకో ట్యాంకులో ఉంచమని అడగండి. నత్రజని రోజూ ఆవిరైపోతూ ఉంటుంది, ఎవరో ఒకరు కొలిచి పోయాలి. 2018 మార్చిలో అమెరికాలోని క్లీవ్‌లాండ్, శాన్‌ఫ్రాన్సిస్కోలలో రెండు కేంద్రాల ట్యాంకులు చెడిపోయి వేల సంఖ్యలో అండాలు, పిండాలు పాడయ్యాయి. మట్టం తగ్గితే ఫోను మోగే అలారం ఉందా, రాత్రి ఎవరు చూస్తారు అని అడగడానికి ఎవరూ మొహమాటపడక్కర్లేదు.

ఎప్పుడు ఇవ్వాలి? వృషణం తీసే ఆపరేషన్‌కు ముందే ఇవ్వడం అన్నిటికన్నా మంచిది. మిగిలిన వృషణం ఎంత పనిచేస్తుందో అప్పటికి తెలియదు. ఒకటి రెండు రోజులు ఆలస్యమైనంత మాత్రాన చాలామందికి ప్రమాదం ఉండదు. జబ్బు ఊపిరితిత్తులకు పాకి ఆయాసం వస్తున్నవారికి, హెచ్‌సీజీ లక్షల్లో ఉన్నవారికి మాత్రం కీమో ఆగదు. అప్పుడు కూడా మందు ఎక్కించేలోపు ఒక్క నమూనా తీసుకోవచ్చు. ఒక విడత కీమో పడ్డాక ఇస్తామంటే కుదరదు. మందు తగిలిన కణాల జన్యువులు దెబ్బతిని ఉండవచ్చు. అందుకే కీమో తర్వాత కూడా సాధారణంగా ఏడాది దాకా గర్భం రాకుండా జాగ్రత్తపడమంటారు. ముందు ఇచ్చిన వీర్యంలో కణాలే లేకపోతే, వృషణం తీసిన రోజే ఆపరేషన్ థియేటర్‌లో, కణితి లేని భాగం నుంచి ముక్క తీసి మైక్రోస్కోపు కింద వెతకవచ్చు. దీనికి ల్యాబు మనిషి థియేటర్ పక్కనే ఉండాలి, కాబట్టి ముందు రోజే మాట్లాడుకోవాలి. తీసిన వృషణాన్ని ఫార్మలిన్‌లో వేసేశాక చేయగలిగింది ఏమీ లేదు.

సిగ్గు, భయం పెద్ద అడ్డంకి. పద్దెనిమిదేళ్ల కుర్రాడిని అమ్మానాన్నల ముందు, వార్డులో, పది మందిలో అడిగితే వద్దనే అంటాడు. ఒంటరిగా కూర్చోబెట్టి, తొందర లేకుండా, ఎందుకో చెప్పి అడగాలి. అమ్మానాన్నలకు విడిగా చెప్పాలి. 'ముందు ప్రాణం దక్కనీయండి, పిల్లల మాట తర్వాత' అని పెద్దలు అంటారు. ఆ మాటలో ప్రేమే ఉంది. కానీ ఇది ప్రాణానికి అడ్డం వచ్చే పని కాదని డాక్టరే చెప్పాలి, ఇంకెవరు చెప్పినా నమ్మరు. జబ్బు నీరసంతో వీర్యం రానివారికి వైబ్రేటర్, మత్తు ఇచ్చి విద్యుత్ ప్రేరణ, లేదా సూదితో వృషణం నుంచి తీసే దారులున్నాయి. లింఫోమా (లింఫు గ్రంథుల క్యాన్సర్), ల్యుకేమియా (రక్త క్యాన్సర్) వచ్చిన కుర్రాళ్లకూ ఇదంతా వర్తిస్తుంది. సైక్లోఫాస్ఫమైడ్ లాంటి మందులు ఈ విషయంలో సిస్‌ప్లాటిన్ కన్నా కఠినమైనవి. వయసుకు రాని పిల్లల్లో వీర్యం ఉండదు. వారి వృషణ కణజాలాన్ని దాచడం ఇంకా పరిశోధన దశలోనే ఉంది. అలా దాచిన కణజాలంతో ఒక కోతిపిల్ల పుట్టిన సంగతి 2019లో అమెరికాలో ప్రకటించారు. బ్రస్సెల్స్‌లో చిన్నప్పుడు దాచిన తన కణజాలాన్నే ఒక యువకుడికి 2025 జనవరిలో తిరిగి అమర్చారు. ఆశ పెట్టుకోదగిన పనే, కానీ చికిత్సగా అమ్మేవారి మాట ఇప్పుడే నమ్మవద్దు.

కొత్త పరిశోధనల్లో మాకు బాగా నచ్చినవి, అసలు కీమో అవసరాన్నే తగ్గించేవి. వృషణంలోనే ఉండిపోయిన జబ్బుకు ఆపరేషన్ ఒక్కటే చాలామందికి సరిపోతుంది. వృషణ క్యాన్సర్ ముఖ్య రకాల్లో ఒకటైన సెమినోమాలో నూటికి 80కి పైగా, మిగతా రకాల్లో సుమారు 70 మందికి ఆ తర్వాత ఏ చికిత్సా అక్కర్లేదు. తిరగబెట్టేవి ఎక్కువగా మొదటి రెండేళ్లలోనే బయటపడతాయి. అందుకే పరిశీలనలో పెట్టి చూస్తారు. బ్రిటన్‌లో 669 మందిపై జరిపిన ట్రిస్ట్ అధ్యయనం, సెమినోమాలో సీటీకి బదులు ఎంఆర్‌ఐ వాడినా, ఏడు స్కాన్లకు బదులు మూడు తీసినా భద్రతకు లోటు రాదని 2022లో తేల్చింది. వృషణాలకు దగ్గర్లో పడే రేడియేషన్ అంత మేరకు తగ్గినట్టే. ఇంకొకటి ఎంఐఆర్-371 అనే రక్తపరీక్ష. పాత మూడు పరీక్షలూ చాలామంది రోగుల్లో మామూలుగానే ఉండిపోతాయి. జర్మనీ పరిశోధకులు 2019లో ప్రకటించిన లెక్క ప్రకారం ఈ కొత్త పరీక్ష నూటికి 90 మందిలో జబ్బును పట్టుకుంది. టెరటోమా రకాన్ని మాత్రం ఇది పట్టదు. మన దగ్గర రోజువారీ వాడకంలోకి వచ్చిననాడు, అనుమానం మీద ఇచ్చే కీమో విడతలు తగ్గుతాయి.

ఈ పరిశీలన పద్ధతి విషయంలో ఒక హెచ్చరిక. వాయిదా తప్పకుండా రాగలిగినవారికే ఇది మంచిది. ఆపరేషన్ అయిన ఆర్నెల్లకు గల్ఫ్‌కో, అమెరికాకో వెళ్లిపోయే కుర్రాడు అక్కడ ఎవరి దగ్గర చూపించుకుంటాడో ముందే తేల్చుకుని, పాత స్కాన్లు, రక్తపరీక్షల అంకెలు వెంట తీసుకుపోవాలి. లేకపోతే తిరగబెట్టిన జబ్బు ముదిరాక బయటపడి, మూడు విడతలతో పోయేది నాలుగు విడతలు, ఇంకో ఆపరేషన్ దాకా వస్తుంది.

ఆ ఇంకో ఆపరేషన్ పొట్ట వెనక లింఫు గ్రంథులు తీసేది. సెమినోమా కొద్దిగా పాకినచోట కీమోకు బదులు ఈ ఆపరేషనే చేయవచ్చని 2023లో వచ్చిన సెమ్స్ అధ్యయనం చూపింది. 55 మందిలో రెండేళ్లకు 81 శాతం మందికి జబ్బు తిరగబెట్టలేదు. కానీ వీర్యం బయటికి రావడానికి ఆజ్ఞలిచ్చే నరాలు ఆ గ్రంథుల మధ్యనుంచే పోతాయి. అవి తెగితే సుఖం కలిగినా వీర్యం బయటికి రాదు, కొందరిలో వెనక్కి మూత్రసంచిలోకి పోతుంది. నరాలు కాపాడే పద్ధతి తెలిసిన సర్జన్ దగ్గరికే వెళ్లాలి. వెనక్కి పోయేవారికి ఉపాయముంది. సోడియం బైకార్బొనేట్ తాగించి మూత్రంలో ఆమ్లం తగ్గించి, స్ఖలనం తర్వాత మొదటి మూత్రాన్ని పట్టి, వెంటనే ల్యాబులో కణాలను వేరుచేస్తారు. ఆమ్లం తగ్గించకుండా పడితే కణాలు చచ్చి ఉంటాయి.

చట్టం సంగతి. 2021 నాటి సహాయక సంతాన సాంకేతికత చట్టం 2022 జనవరి నుంచి అమల్లో ఉంది. రిజిస్ట్రేషన్ ఉన్న కేంద్రంలోనే దాచాలి. ఆ చట్టం పురుషుడికి సేవలందించే వయసు 21–55 అని పెట్టింది. 18, 19 ఏళ్ల క్యాన్సర్ రోగి వీర్యం దాచడానికి ఈ నిబంధన అడ్డం కాదని కేంద్ర ప్రభుత్వం స్పష్టంగా చెప్పాలి. ఈ జబ్బు ఆ వయసులోనూ వస్తుంది. దాతల వీర్యానికి, పిండాలకు పదేళ్ల గడువు ఉంది. సొంత వాడకానికి దాచిన రోగి వీర్యానికి ఆ గడువు వర్తించదని కూడా రాతపూర్వకంగా తేల్చాలి. పదిహేడేళ్లకు దాచినవాడికి ఇరవై ఏడు నిండేసరికి పెళ్లి కాకపోవచ్చు. బ్రిటన్ 2022 జులై నుంచి పదేళ్లకోసారి అంగీకారం తీసుకుంటూ మొత్తం 55 ఏళ్ల పాటు దాచుకోనిస్తోంది. ఇంకొకటి: రోగి చనిపోతే నమూనా ఏం చేయాలో అంగీకార పత్రంలోనే రాయించాలి. పెళ్లికాని ఒక క్యాన్సర్ రోగి 2020లో దాచిన వీర్యం కోసం తల్లిదండ్రులు కోర్టుకు వెళ్లవలసి వచ్చింది. ఢిల్లీ హైకోర్టు 2024 అక్టోబరులో వారికి ఇప్పించింది. ఆ నాలుగేళ్ల ఎదురుచూపు ఒక గీత రాతతో తప్పేది.

రెండు తెలుగు రాష్ట్రాల ప్రభుత్వాలను అడిగేది చిన్నదే. ఆరోగ్యశ్రీ, ఎన్టీఆర్ వైద్యసేవల కింద 45 ఏళ్లలోపు మగవారికి కీమో అనుమతి ఇచ్చే దరఖాస్తులో ఒక గడి పెట్టండి: వీర్యం దాచే విషయం చెప్పామా లేదా, రోగి ఏమన్నాడు, తేదీ, సంతకం. ఆ గడి నిండనిదే అనుమతి కదలకూడదు. మొదటి ఖర్చు, ఏటా కట్టే నిల్వ రుసుము ప్యాకేజీలో కలపండి. కూలి చేసుకునే ఇంట్లో ఆ వార్షిక రుసుము రెండుసార్లు తప్పితే నమూనా మీద ఆశ పోయినట్టే. ఫ్రాన్సులో 1973 నుంచి ప్రభుత్వ ఆసుపత్రుల్లోనే ఈ బ్యాంకులు నడుస్తున్నాయి. ఇక్కడ గాంధీ ఆసుపత్రిలో సంతాన సాఫల్య కేంద్రం ఉంది. హైదరాబాద్ ఎంఎన్‌జే, విశాఖ హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రులకు వచ్చే కుర్రాళ్ల కోసం ప్రతి నగరంలో ఒక ప్రభుత్వ ట్యాంకు ఉంటే చాలు, ప్రతి జిల్లాకూ అక్కర్లేదు.

పిల్లల డాక్టర్లకు, తల్లులకు ఒక మాట. పుట్టిన బిడ్డ బీజాలు రెండూ సంచిలోకి దిగాయో లేదో చూడండి. ఆర్నెల్లకు దిగకపోతే ఇక వాటంతట అవి దిగడం అరుదు. ఏడాదిన్నరలోపు ఆపరేషన్ చేసి దింపాలి. 'పెద్దయ్యాక అదే దిగుతుంది' అని వదిలేస్తే పిల్లలు పుట్టే శక్తీ తగ్గుతుంది, క్యాన్సర్ ముప్పూ పెరుగుతుంది. దాదాపు 17 వేల మందిని చూసిన స్వీడన్ అధ్యయనంలో 13 ఏళ్లలోపు ఆపరేషన్ అయినవారికి ఆ ముప్పు మామూలు కన్నా రెండు రెట్లకు కాస్త పైన, 13 దాటాక అయినవారికి అయిదు రెట్లకు పైన ఉంది. అలాగే పిల్లలు పుట్టలేదని వచ్చిన జంటలో భర్తకు వీర్యపరీక్ష చేసి పంపేయకండి, చేత్తో తడిమి చూడండి. వీర్యలోపం ఉన్నవారిలో ఈ కణితి ఎక్కువగా కనబడుతుంది.

ఇప్పటికే కీమో అయిపోయి, ఏమీ దాచనివారు నిరాశపడవద్దు. ఏడాది తర్వాత ఒకసారి, ఆపై ఆరేసి నెలలకోసారి వీర్యపరీక్ష చేయించుకోండి. కణాలు నాలుగైదేళ్లకు తిరిగి వచ్చినవారున్నారు. రాకపోతే మైక్రోస్కోపు సాయంతో వృషణంలో వెతికే మైక్రో టీసీ ఆపరేషన్ ఉంది. కీమో పడినవారిలోనూ సుమారు మూడోవంతు మందికి దానివల్ల కణాలు దొరుకుతున్నాయి. నీరసంగా ఉందని, గడ్డం మీసం పలచబడిందని టెస్టోస్టిరాన్ ఇంజెక్షన్లు మాత్రం వేయించుకోవద్దు. జిమ్ములో ఇచ్చేవి అసలే వద్దు. బయటి నుంచి ఆ హార్మోను వచ్చేసరికి, వృషణానికి పని చెప్పే ఎల్‌హెచ్, ఎఫ్‌ఎస్‌హెచ్ హార్మోన్లను మెదడు కింది పిట్యూటరీ గ్రంథి ఆపేస్తుంది. కోలుకుంటున్న కొద్దిపాటి వీర్య తయారీ కూడా అక్కడితో నిలిచిపోతుంది. రక్తంలో టెస్టోస్టిరాన్ నిజంగానే తక్కువగా ఉంటే, పిల్లలు కావాలనుకుంటున్నామని డాక్టరుకు ముందే చెప్పండి. అలాంటివారికి వృషణాన్నే పనిచేయించే హెచ్‌సీజీ ఇంజెక్షన్లు, క్లోమిఫిన్ మాత్రలు ఉన్నాయి.

ఇట్లు,
యూరాలజీ, ఆండ్రాలజీ విభాగాల వైద్యులు, ల్యాబు సిబ్బంది
విశాఖపట్నం